ముడుల గౌను

మొన్న మా పక్కింటి అమ్మాయి ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఎవరో ఒకామె పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ, పిల్లలకు పొట్టివైపోయిన బట్టలు బీరువాలో దాచుకుని ఏం చేస్తారు, ఫొటోలు తీసి అమ్మేయండి, ఇంట్లో కూర్చునే సంపాదించండి అని చెబుతోంది. "ఆంటీ, నువ్వు గిదే పని చేసినవ్ గద. ఎట్ల మొదలుపెట్టాలె, జర చెప్పు" అని అడిగింది ఆ అమ్మాయి. చెప్పడం మొదలుపెట్టాను. బొత్తాలు ఎట్లా చూడాలో, పాల మరకలు ఎట్లా వదిలించాలో చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి ఒళ్ళు మండిపోయి ఆపేశాను. పాపం ఆ పిల్ల బిత్తరపోయింది. కోపం ఆమె మీద కాదు. ఆరోజు సగంలో మింగిన మాట ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాను. ఆమె ఎలాగూ చదువుతుంది. ఇట్లాంటి దుకాణం పెట్టాలని చూస్తున్న మీలాంటి పిల్లలూ చదవండి.

ముందే ఒక మాట. పాత బట్టలు అమ్మడం తప్పని నేననను. నా పిల్లలు ముగ్గురూ ఒకరి లాగు ఒకరు తొడుక్కునే పెరిగారు. బుద్వేల్‌లో పుట్టినింట్లో ఉన్నప్పుడు మొదలుపెట్టిన కుట్టుపని, శంషాబాద్‌కు కాపురానికి వచ్చాక జాకెట్లు, తర్వాత యూనిఫారాలు కుట్టే కంపెనీ, చివరికి పిల్లల పాత బట్టలు అమ్మే ఒక దుకాణం. జీవితమంతా సూదీదారం మీదే నడిచింది. చూపు మందగించి ఇప్పుడు మిషను మీద బట్ట కప్పి పెట్టాను గానీ, బట్టంటే నాకు మమకారమే. మంచి బట్ట పారేస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ దుకాణం బెంగళూరు రోడ్డు మీంచి లోపలికి తిరిగిన గల్లీలో ఉండేది. పెట్టినామె కోస్తా నుంచి వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఏదో ఆఫీసు ఉద్యోగం చేసి, పిల్లలు పుట్టాక మానేసింది. మేమంతా మేడమ్ అనేవాళ్ళం. చుట్టూ లేచిన పెద్ద పెద్ద అపార్టుమెంట్లలో పిల్లలకు కొన్న బట్టలు చీటీ కూడా తెంపకుండానే పొట్టివైపోతున్నాయని, ఇటు ఊళ్ళల్లో అవే బట్టలు కొనే తాహతు లేని ఇళ్ళు బోలెడున్నాయని ఆమె కనిపెట్టింది. తెలివి గలది, అది ఒప్పుకోవాలి. మొదట్లో మాతోపాటు నేల మీద కూర్చుని సంచులు విప్పేది. జీతం ఎప్పుడూ ఆపలేదు. ఆమె రాక్షసి అయితే నాకింత కోపం ఉండేది కాదేమో, తిట్టుకుని మర్చిపోయేదాన్ని.

బొత్తాలు, ఎలాస్టిక్కు, ఊడిన అంచులు నా పని. ఇస్త్రీకి ఒక చాచా ఉండేవాడు. జానెడు చొక్కాల మీద ఆ బొగ్గుల పెట్టెను పువ్వు మీద చెయ్యి ఆనించినంత మెల్లగా ఆనించేవాడు. కౌంటర్ దగ్గర ఒక చదువుకున్న అమ్మాయి. విమానం నెత్తి మీంచి పోతుంటే అందరం మాట ఆపి, అది పోయాక ఆపిన చోటునుంచే మళ్ళీ అందుకునేవాళ్ళం. ఇక్కడ పుట్టిపెరిగినవాళ్ళకు అది తుమ్ము ఆపుకోవడం లాంటిది, నేర్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మన ఇళ్ళల్లో పుట్టిన బిడ్డకు కొత్త బట్ట వెంటనే తొడగరు. తొట్టెలలో, అంటే ఉయ్యాలలో వేసే దినం దాకా పాతవే. అవి కూడా దొరికినవల్లా కావు, బతికి బట్టకట్టి బాగా పెరుగుతున్న బిడ్డ తొడిగి విడిచినవి కావాలి. పోయిన తరంలో అక్కచెల్లెళ్ళ ఇళ్ళనుంచి, వాడకట్టునుంచి అడిగి తెచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు ఇంటికొక్కరో ఇద్దరో పిల్లలాయె, అడుగుదామంటే మొహమాటమాయె. అందుకని కూతురికి నెలలు నిండిన తల్లులు మా దుకాణానికి వచ్చేవాళ్ళు. వాళ్ళు రంగు చూడరు, కంపెనీ చూడరు. గౌను చేతిలోకి తీసుకుని ఒక్క మాట అడుగుతారు: "గీ బట్టలేసుకున్న బిడ్డ బాగున్నదా?"

మేం క్రైస్తవులం. ఇట్లాంటివి పట్టించుకోవద్దని మా పాస్టరుగారు చెబుతారు. ఆయన మనవడు పుట్టినప్పుడు పాస్టరమ్మగారు మా ఇంటికొచ్చి నా మనవడి పాత చొక్కాలు అడిగి పట్టుకెళ్ళారు. అది వేరే సంగతి.

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉండేది. ఎందుకంటే బట్టలు తెచ్చినవాళ్ళను నేను తీసుకునేటప్పుడే అడిగేదాన్ని. బిడ్డ ఇప్పుడు ఎంతున్నడు, బడికి పోతున్నడా, అన్నం తింటున్నడా అని. తల్లులు సంబరంగా ఫోన్ తీసి ఫొటోలు చూపించేవాళ్ళు. ఎప్పుడైనా ఒకరి చెయ్యి సంచి మీద ఆగేది, కళ్ళు పక్కకు తిరిగేవి. అప్పుడు నేను ఇంకేం అడగకుండా, "ఇవి మాకు నడవవమ్మా, ఇంటికి తీస్కపో" అని సంచి తిరిగి ఇచ్చేదాన్ని. వాళ్ళకూ అర్థమయ్యేది. ఆ మాట కోసమే వచ్చారేమో అన్నట్టు సంచిని గుండెకు అదుముకుని వెళ్ళిన తల్లిని చూశాను.

ఈ ప్రశ్న మేడమ్ చెవిన పడింది. ఏమిటది, ఎందుకడుగుతారు అని నన్ను కూర్చోబెట్టి అడిగింది. నేను చెప్పాను. మర్నాటికల్లా కట్టలు తయారయ్యాయి. నాలుగు గౌన్లు, రెండు టోపీలు, పైన సిల్కు రిబ్బను, ఒక అట్టముక్క. దాని మీద అచ్చు వేయించింది: 'ఆరోగ్యంగా పెరుగుతున్న బిడ్డ తొడిగిన తొలి బట్టలు.' విడిగా అమ్మిన రేటుకూ కట్ట రేటుకూ పోలికే లేదు. వేడివేడి మిర్చిబజ్జీల్లా అమ్ముడుపోయాయి.

దాంతో సరుకు చాలలేదు. ఆటో పెట్టింది. ఫోన్ చేస్తే ఆటో ఇంటికే పోయి సంచి పట్టుకొస్తుంది. వాచ్‌మన్ ఇస్తాడు, పనిమనిషి ఇస్తుంది, గేటుకు తగిలించి పెట్టినా సరే. మూతి కట్టిన సంచులు వచ్చి గుట్టపడేవి. ఎవరిని అడగాలి? నేను మేడమ్‌తో ఆ మాటే అన్నాను.

"అవన్నీ మూఢనమ్మకాలండీ. మరిగే నీళ్ళలో ఉతుకుతున్నాం, డెట్టాల్ వేస్తున్నాం. ఇంకేం కావాలి వాళ్ళకి?" అంది.

"మూఢనమ్మకమైతే అట్ట మీద ఎందుకు రాయించిన్రు మేడమ్?"

నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుకొస్తే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నమ్మితే నమ్ము, నమ్మకపోతే మానెయ్యి. నమ్మకుండా ఎదుటివాళ్ళ నమ్మకానికి రిబ్బను కట్టి అమ్మడం ఏం వ్యాపారమో మీరే చెప్పండి.

ఒక శనివారం సాయంత్రం చాచా నన్ను పిలిచాడు. చేతిలో లేత పసుపు గౌను, మీద పిచ్చుకల బొమ్మలు. ఏడాది లోపు పిల్లది.

"అమ్మా, గిది సూడు. ఇస్త్రీకి కూసుంటలేదు. గీ నాడాలేంది?"

చూశాను. కుడి చెయ్యి మణికట్టునుంచి మెడదాకా నిలువునా చీల్చి ఉంది. చీల్చిన రెండు అంచులకూ వరసగా నాడాలు కుట్టారు, ముడేసుకోవడానికి. టైలరు కుట్టు కాదు. ఒక కుట్టు పొడుగు, ఒక కుట్టు పొట్టి. నాడాలు ఆడవాళ్ళ లంగాకు వేసుకునేవి, ముక్కలుగా కోసి కుట్టినవి. పిల్ల చెయ్యి వంచకుండా, పైకెత్తకుండా గౌను తొడగాల్సిన అవసరం ఎప్పుడొస్తుంది? చేతికి సూది గుచ్చి పట్టీ వేసి ఉన్నప్పుడు వస్తుంది. చాచా పెట్టె పక్కన పెట్టి, గడ్డం గీరుకుంటూ బయటికి పోయాడు.

గౌను నా మిషను పైన ఉన్న అరలో పెట్టాను. మేడమ్‌కు చెప్పాను, ఇది దవాఖానలో వేసిన బట్టలాగుంది, సంచి ఏ ఇంటినుంచి వచ్చిందో కనుక్కుని అడిగేదాకా దీన్ని ముట్టొద్దు అని. ఆమె గౌను విప్పి చూసింది. "అయ్యో" అంది. నిజంగానే అంది. తర్వాత, "కానీ భలే ఉంది కదండీ, డిజైనర్ పీస్‌లా" అంది.

మర్నాడు ఆదివారం. నేను ఆరాధనకు పోతాను, ఆపూట పనికి రాను. దుకాణానికి మాత్రం ఆదివారమే గిరాకీ. సోమవారం పొద్దున వచ్చి చూస్తే అర ఖాళీ. కట్టలో ఒకటి తక్కువ పడిందట, మేడమ్ అది తీసి పెట్టిందట. కౌంటర్ అమ్మాయి చెప్పి తల వంచుకుంది.

మరో నాలుగైదు రోజులకేమో, ఒక పిల్ల వచ్చింది. పిల్లే, పాతికేళ్ళు ఉండవు. ఎయిర్‌పోర్టులో ఊడ్చి తుడిచే పనివాళ్ళ యూనిఫారంలోనే ఉంది, డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది. పాల్మాకుల అని చెప్పింది. పసుపు గౌను, పిచ్చుకలు, చేతికి నాడాలు అని ఆనవాళ్ళు చెబుతుంటేనే నా చేతిలో సూది ఆగిపోయింది. నేను లేచి దగ్గరికి పోయాను. ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న గౌను ఏదీ అని కాదు.

"ఉతికిన్రా?" అని అడిగింది.

ఏం చెప్పను? మా దగ్గర మొదట చేసేదే అది. మరిగే నీళ్ళు, డెట్టాల్, ఘుమఘుమలాడే నీలం మందు. ఆ పిల్ల నా ముఖం చూసి, నిలబడ్డచోటే నేల మీద కూర్చుండిపోయింది. తనే చెప్పింది. బిడ్డ దవాఖానలో ఉన్నప్పుడు వార్డులో నర్సమ్మను కత్తెర అడుక్కుని, బెంచీ మీద కూర్చుని, తన లంగా నాడా కోసి కుట్టిందట. మిగిలినవన్నీ ఉతికేసిందట. బిడ్డ కడసారి తొడిగిన గౌను అదొక్కటీ ఉతక్కుండా దాచుకుందట.

మేడమ్ లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది, చాలా బాధగా ఉందమ్మా అంది. గౌను అమ్ముడైపోయిందని చెప్పింది. ఎవరు కొన్నారో చెప్పడం మా రూల్స్‌లో లేదంది. ఆ తర్వాత అన్న మాట వినండి.

"నష్టపరిహారంగా రెండు కొత్త గౌన్లు తీసుకో అమ్మా. నీకు నచ్చినవి."

ఆ పిల్ల తలెత్తి చూసింది. "ఎవలికి తొడగాలె మేడమ్?" అంది.

మేడమ్ ముఖం ఎర్రబడింది. నన్ను గుమ్మం దాకా లాక్కొచ్చి, "చచ్చిపోయిన పిల్ల బట్టలు అమ్మారని తెలిస్తే రేపటినుంచి ఒక్కరు రారు. మీకూ నాకూ అందరికీ ఇదే అన్నం. దయచేసి బయట అనకండి" అని గుసగుసగా చెప్పింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నాకు తెలియదా? చాచా మనవరాళ్ళ ఫీజులు, కౌంటర్ అమ్మాయి ఇంటి కిరాయి, అన్నీ ఆ దుకాణం మీదే ఉన్నాయి. తెలుసు కాబట్టే నోరు కుట్టేసుకున్నాను.

బయట గల్లీలో ఆ పిల్ల మొగుడు కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఎయిర్‌పోర్టుకు కిరాయికి తిప్పే కారు. సంచి ఇచ్చింది అతనే. నా కోపమంతా అతని మీదికి మళ్ళింది.

"బిడ్డ బట్టలు ఇచ్చెటోడివి పెండ్లాన్ని ఒక్క మాట అడగవా? నీకు బుద్ధుందా?"

"డ్యూటీకెల్లి రాంగనే ఆ సంచి మూతి విప్పి అండ్ల మొఖం పెట్టుకొని కూసుంటది అమ్మా. తిండి లేదు, మాట లేదు. ఇట్లనే ఉంటే ఇది సుత నాకు దక్కదేమోనని భయమైంది."

"మరి ఆటోవాళ్ళకు చెప్పాలె గద, గిట్ల పోయిన బిడ్డ బట్టలని."

"ఎవలూ అడగలే" అన్నాడు. "సంచి లేపి సూసిన్రు, ఫోన్ నంబర్ అడిగిన్రు, గంతే. అడిగితే చెప్తుంటి."

ఇంకేం తిట్టను అతన్ని? అబద్ధం చెప్పలేదు. అడిగేవాళ్ళు లేకుండా చేసిందెవరో నాకు తెలుసు.

లోపలికి వచ్చి కౌంటర్ అమ్మాయి ముందు నిలబడ్డాను. రూల్స్ సంగతి ఆమెకూ తెలుసు. మేడమ్ గది వైపు ఒకసారి చూసి, "మంఖాల్ నుంచొచ్చిన పెద్దమ్మ ఆంటీ. కోడలికి నెలలు నిండినయన్నది. రోడ్డు మీంచి దిగంగనే పాలకేంద్రం పక్క ఇల్లు" అని గబగబా చెప్పేసింది. అరలోంచి మంచి గౌన్లు మూడు తీసి నా సంచిలో వేసుకున్నాను. మేడమ్‌ను అడగలేదు. అడగడం మానేసిన దుకాణం కదా, నేనూ అడగలేదు.

ఆ పిల్లతో కలిసి మొగుడి కారు ఎక్కాను, తుక్కుగూడ దాటి శ్రీశైలం రోడ్డు మీదికొచ్చాం. అప్పుడు ఆ పిల్లకు చెప్పాను, మాట్లాడేది నేనే, కట్టలో పొరపాటున వేరే గౌను కలిసింది, దానికి బదులు మూడు తెచ్చాం అంటాను, నువ్వు ఊరికే నిలబడు అని. ఈపాటికి కోడలికి కాన్పయ్యే ఉంటుంది, బాలింత ఇంట్లో అసలు మాట ఎట్లా చెబుతాం? చెబితే ఆ ఇంట్లో రేపటినుంచి బిడ్డ తుమ్మినా గుండె ఆగుతుంది.

"నాకు తెల్వదా పెద్దమ్మా" అంది ఆ పిల్ల. "నా గౌను నాకు వస్తే చాలు."

మంఖాల్‌లో ఆ ఇల్లు దొరకడం కష్టం కాలేదు. వాకిట్లో లేత ఎండలో పీట వేసుకుని, నా వయసుదే, ఒక నానమ్మ కూర్చుని ఉంది. చాచిన కాళ్ళ మీద బిడ్డ. అప్పుడే నీళ్ళు పోసి బట్ట తొడిగినట్టుంది. పసుపు గౌను, పిచ్చుకలు. పసిగుడ్డుకు గౌను పెద్దదై, కింద మడతలు పెట్టి కాళ్ళ చుట్టూ చుట్టింది. కుడి చేతికి నాడాలు ఒద్దికగా ముడేసి ఉన్నాయి.

దుకాణం నుంచి వచ్చామనగానే ఆమె ముఖం విప్పారింది. "రా చెల్లె, కూసో. గీ గౌను కుట్టినామె ఎవలో గానీ సల్లగుండాలె. పసిగుడ్డు చెయ్యి వంచుడు లేదు, లేపుడు లేదు. ఇడువబుద్ధి అయితలేదు, మాపు ఉతికి ఆరేసి పొద్దుగాల మల్ల గిదే తొడుగుతున్న."

నేను మొదలుపెట్టాను. పొరపాటైంది, ఇంకో గౌను, బదులు మూడు. చెబుతుంటే నా మాట నాకే అతకని గుడ్డలా ఉంది. ఆమె వింటూ వింటూ నన్ను చూడడం మానేసి ఆ పిల్లను చూడసాగింది. పిల్ల చూపు గౌను మీదినుంచి కదలడం లేదు.

"నువ్వు కుట్టినవా బిడ్డా?"

పిల్ల తలూపింది.

"గిది నీ బిడ్డదా?"

మళ్ళీ తలూపింది.

ఆ నానమ్మ అడిగింది. అడక్కుండా ఎట్లా ఉంటుంది, అది ఆమె హక్కు. "బిడ్డ బాగున్నదా?"

సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. అక్కడ మరీ కిందినుంచి పోతాయి. మాట వినబడదు. అలవాటు ప్రకారం ముగ్గురం ఆగిపోయాం. నానమ్మ బిడ్డ చెవుల మీద రెండు చేతులూ కప్పింది. నాకు ఆ విమానం పోకుండా అట్లాగే ఉండిపోతే బాగుండుననిపించింది. మేడమ్ అచ్చు వేయించిన అబద్ధానికి జవాబు చెప్పే పని, లోకంలో ఇంకెవరూ దొరకనట్టు, ఈ పిల్ల నెత్తిన పడింది. పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను.

చప్పుడు సన్నగిల్లింది.

"బాగున్నది పెద్దమ్మా" అంది పిల్ల. "నడక నేర్చింది. ఒక్కతాన నిలువది."

"సల్లగ బతకనీ" అంది నానమ్మ.

పిల్ల వంగి, బిడ్డ భుజం దగ్గర వదులైన ఒక ముడి విప్పి, మళ్ళీ మెల్లగా వేసింది. లేచి నిలబడి, "ఉండనీ పెద్దమ్మా, మార్చుడేం వద్దు" అని నాతో అని గేటు వైపు నడిచింది. నేను తెచ్చిన మూడు గౌన్లు అరుగు మీద పెట్టి వెనకే వచ్చేశాను.

కారు ఊరు దాటాక ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడింది. "ఎన్ని దినాలకో ఒకలు నన్ను బిడ్డ బాగున్నదా అని అడిగిన్రు. మా ఇంట్ల దాని పేరే ఎత్తరు. నేను ఎదురైతే తెలిసినోళ్ళు సుత పక్క సందుల కెల్లి పోతరు." మొగుడు కారు పక్కకు ఆపి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. నేను కిందికి దిగి కాసేపు రోడ్డు పక్కన నిలబడ్డాను.

దుకాణానికి వచ్చేసరికి మేడమ్ ఎదురొచ్చింది. "సెటిలైందా అండీ?" అంది. అయింది అన్నాను. గట్టిగా ఊపిరి వదిలింది. అంతటితో ఊరుకుని ఉంటే నేను ఇంకో ఏడాది పనిచేసి ఉండేదాన్నేమో.

"మంఖాల్ నుంచే ఇంకెవరో ఫోన్ చేశారు. ఆ చేతికి ముడులున్న గౌను కావాలట. మన దగ్గర ఉన్నవాటికి చేతులు కోసి అట్లా నాడాలు కుట్టి ఇవ్వగలరా? కొత్త మోడల్ అవుతుంది. గౌనుకింత అని మీకు విడిగా ఇస్తాను."

"ఆ నాడాలు ఎందుకు కుట్టిన్రో మీకు తెలుసా మేడమ్?"

"తెలుసండీ, మీరే చెప్పారుగా. తల్చుకుంటే ఏడుపొస్తోంది. కానీ ఐడియా మంచిదే కదా, పసిపిల్లలకి సుఖంగా ఉంటుంది."

ఆమె తప్పు మాట అనలేదు, అదీ నన్ను మండించింది. పసిపిల్లలకు సుఖంగానే ఉంటుంది. ఒక తల్లి దవాఖాన బెంచీ మీద కూర్చుని లంగా నాడా కోసుకుని కనిపెట్టిన సుఖం అది. తెలిసీ, ఏడుపొస్తోందని చెబుతూనే, ఆ కళ్ళతోనే గిరాకీ లెక్క చూసుకుంటున్న మనిషితో నేనేం వాదించను? నా కత్తెర, వేలికి తొడిగే అంగుస్తానా, దారప్పెట్టె సంచిలో సర్దుకున్నాను. "ఏందమ్మా, పోతున్నవా?" అన్నాడు చాచా. "పోతున్న" అన్నాను. ఆయన పెట్టె ఎత్తి పక్కన పెట్టి, వీధి దాకా వచ్చి సాగనంపాడు.

నేను మానేస్తే దుకాణం మూతపడిందనుకునేరు. బ్రహ్మాండంగా నడుస్తోంది. ముడుల గౌన్లు ఇప్పుడు అక్కడ కొత్తవే దొరుకుతాయట, మూడు రంగుల్లో. లోకం మనం అలిగితే ఆగేది కాదని అప్పటికే నాకు తెలుసు. అయినా అలిగాను. కొన్నిచోట్ల అలగకపోతే మనిషి జన్మకు అర్థం లేదు.

కొన్నాళ్ళకు, పొద్దున కూరగాయలు తరుగుతుంటే మా గేటు చప్పుడైంది. మంఖాల్ నానమ్మ. దుకాణానికి పోయి చాచాను అడిగి ఇల్లు కనుక్కుందట. మనవరాలికి తొట్టెల చేశారని, కొత్త బట్టలు తొడిగారని చెప్పింది. కొంగు చాటునుంచి ఒక చిన్న మూట తీసి నా చేతిలో పెట్టింది. విప్పకుండానే నాకు తెలిసింది.

"ఆ పిల్లకు ముట్టజెప్పు చెల్లె."

"నీకు తెలుసా అక్కా?"

"ఆ దినమే తెలిసింది. నడిచే బిడ్డను ఇంట్ల ఇడిసి పాత గౌను కోసం ఎవలన్న గంత దూరం వస్తరా?"

"మరి విప్పలేదేంది?"

ఆమె గడప మీద కూర్చుంది. నీళ్ళిస్తే తాగింది. "భయం కాలేదనుకున్నవా? రాత్రంత లేశి లేశి ముక్కు కాడ ఏలు పెట్టి సూసిన. కోడలికి చెప్పలే, కొడుక్కు చెప్పలే. విప్పుదామని ముడి మీద చెయ్యేసిన సుత. కానీ బాగున్నది, నడక నేర్చింది అని నా మనుమరాలి ముంగట చెప్పింది గద ఆ పిల్ల. నేను విప్పితే ఆమె మాట అబద్ధమైతది."

ఇన్నాళ్ళూ నేను కోపంతో చేయలేనిది, ఈమె భయంతో వణుకుతూ చేసింది. మేడమ్ మీద నా కోపం మాత్రం తగ్గలేదు. ఇట్లాంటి మనుషుల చేతికి అచ్చు వేసిన అట్టముక్క ఇచ్చి పంపిందని ఇంకా పెరిగింది.

పక్కింటి అమ్మాయీ, నీ కొడుకు బట్టలు అమ్ముకో. ఫొటో బాగా తీయి, బొత్తాలు సరిచూడు, మరకలుంటే దాచకుండా చెప్పు. రేపు నువ్వే దుకాణం పెట్టి పరాయి సంచి అందుకునే రోజు వస్తే, మూతి విప్పే ముందు మాత్రం అడుగు. జవాబు వచ్చేదాకా నిలబడు. విమానం పోతుంటే పోనీ.

ఆ మూట పట్టుకుని అదే రోజు పాల్మాకుల వెళ్ళాను. పిల్ల ఇంట్లోనే ఉంది. నానమ్మ చెప్పినవన్నీ చెప్పి, మూట చేతికిచ్చాను. ఆమె దాన్ని విప్పి ఏం చేసిందో, ఏమన్నదో నేను రాయను. అదొక్కటి అమ్మకానికి లేదు.